దాన్ని మాత్రం ఆపొద్దు

జూన్ 10, మంగళవారం

ముత్యానికి,

పిన్ని రాస్తున్నది. తేదీ వేశాను, పైన కుడిపక్క మూలనే వేశాను, చూసుకో. తేదీ లేని ఉత్తరం ఉత్తరమే కాదని పోయినసారి క్లాసు పీకావు కదా. నీకు చదువు చెప్పిన సిస్టర్లు వేరు, మేం సూదులు గుచ్చే సిస్టర్లం. అయినా చెబితే నేర్చుకుంటాం.

నిన్న ఫోన్ చేస్తే "ఊఁ" అన్నావు, "సరే" అన్నావు, మళ్ళీ "ఊఁ" అన్నావు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయని నీకు చిన్నప్పటి నుంచీ భయం. ఆ పేరు పెట్టిందీ నేనే, అనుభవిస్తున్నదీ నేనే. మేనేజరు పక్క కుర్చీలో చెవులు రిక్కించుకుని కూర్చుంటే నేను కూడా ఏం చెప్పలేకపోయాను. అందుకే ఈ కాగితం. రక్తం శాంపిళ్ళ వ్యాను రోజూ పొద్దునా సాయంత్రం మీ ఆఫీసు పక్క ల్యాబుకి వస్తుంది కదా, డ్రైవరు చేతిలో పెడుతున్నాను.

సంగతి మంచిది కాదు. మా సెంటర్లో పిట్ట ఉందే, నా కింద చేసే చిన్న సిస్టరు, స్కూటరెక్కితే స్కూటరే తప్ప మనిషి కనిపించదు, ఆ పిల్లని పనిలోంచి తీసేసేలా ఉన్నారు.

మేం ఇళ్ళకి వెళ్ళి ఇంజెక్షన్లు వేస్తాం, కట్లు మారుస్తాం. ఏ రోజు ఎవరింటికి వెళ్ళాలో పొద్దున్నే కంప్యూటర్లో నువ్వు చేసిన పేజీ తెరిచి, లిస్టు ప్రింటు తీసుకుని బయల్దేరతాం. సోమవారం నుంచి శుక్రవారం దాకా నేను తీస్తాను. శని ఆదివారాలు నాకు సెలవు, పిట్ట తీస్తుంది. పోయిన శుక్రవారం సాయంత్రం ఒక పెద్దాయన మోకాలి ఆపరేషనయి ఇంటికొచ్చారు. టైపు మాస్టారు. ఒంటరి మనిషి. రక్తం గడ్డకట్టకుండా శనివారం నుంచి రోజూ ఒక ఇంజెక్షన్ వేయాలి. శనివారం ఎవరూ వెళ్ళలేదు. ఆదివారమూ వెళ్ళలేదు. సోమవారం పొద్దున పక్కింటివాళ్ళు చూసేసరికి ఊపిరాడక మంచం కోడు పట్టుకుని ఉన్నారట. గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది. ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నారు. ఏం చెప్పలేమంటున్నారు.

మేనేజరు కంప్యూటర్లో రికార్డు తీస్తే శనివారానికీ ఆదివారానికీ ఆయన పేరుంది. పిట్ట మాత్రం "నా లిస్టులో లేదు" అంటోంది. ఆ కాగితాలు చూద్దామంటే లేవు. రోగుల పేర్లు ఎక్కడపడితే అక్కడ ఉండకూడదని ఏ రోజువి ఆ సాయంత్రమే చింపేస్తాం. ఇదివరకు కూడా రెండు ఫిర్యాదులొచ్చాయి, అవీ శని ఆదివారాలవే. పెద్ద సిస్టరుంటే ఒక్క పేరూ తప్పదు, పిట్ట ఉంటే తప్పుతుంది అని అందరి నోటా ఇదే మాట.

20వ తేదీ శుక్రవారం విచారణ. తేలితే ఉద్యోగం ఒక్కటే కాదు, నర్సుల రిజిస్టర్లోంచి పేరు కొట్టేయమని రాస్తారట. ఇంకెక్కడా సూది పట్టుకోనివ్వరు. పేజీ చేసినవాళ్ళ దగ్గర్నుంచి రెండు ముక్కలు రాతలో తెప్పించమన్నాడు మేనేజరు. చేసింది నువ్వే కాబట్టి నువ్వే చూడు, నువ్వే రాయి.

పాపం శనివారమంతా ఆ పిల్లకి చీవాట్లే. ఒకింటికి కట్టు మార్చడానికి వెళ్తే ఆ ముసలావిడ "నిన్ననేగా మార్చారు, మళ్ళీ వచ్చారేం, నా కాలు చూడ్డానికి టిక్కెట్లేమైనా పెట్టారా?" అని మొహం మీదే తలుపేసిందట. వెళ్ళలేదని ఒకరు, వెళ్ళిందని ఇంకొకరు.

అన్నట్టు, సాయంత్రం తాళం వేసేటప్పుడు లైట్లు, ఫ్యాన్లు అన్నీ ఆపుతున్నాను. నీ పేజీ నడిచే మెషిన్ జోలికి మాత్రం పోవట్లేదు. మాటిచ్చాను కదా.

నీ పిన్ని


జూన్ 11, బుధవారం

పిన్నికి,

ఉత్తరం నిన్న సాయంత్రమే అందింది. ఇవాళంతా అదే పని చూశాను.

మేం ప్రోగ్రాములు రాయడానికి వాడే పైథాన్ ఫ్రేమ్‌వర్క్‌లో లిస్టులు చూపించడానికి ముందే తయారుచేసి పెట్టిన అచ్చు ఒకటుంటుంది. క్లాస్ అంటారు. ఎవరి లిస్టు, ఏ రోజుది, పేజీకి ఎన్ని పేర్లు అని రెండు మూడు వరసల్లో చెబితే మిగతాదంతా అదే చూసుకుంటుంది. తక్కువ మాట్లాడితే చాలు కాబట్టి నాకు ఆ అచ్చంటే ఇష్టం.

నా కంప్యూటర్లో నడిపి చూశాను. ఇవాళ్టి లిస్టు సరిగ్గా వచ్చింది. తర్వాత ఇక్కడి నుంచే మీ సెంటర్ పేజీ తెరిచాను. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. రికార్డుతో పక్కపక్కన పెట్టి పేరు పేరునా పోల్చాను. ఒక్కటీ తప్పలేదు.

ఒక్క సంగతే కనిపించింది. పేజీకి ఇరవై పేర్లే పడతాయి. మిగిలినవి రెండో పేజీలోకి పోతాయి. అడుగున చిన్న అక్షరాల్లో "తర్వాతి పేజీ" అని ఉంటుంది. తొందరలో ఉన్నవాళ్ళు మొదటి పేజీ ప్రింటు తీసుకుని వెళ్ళిపోవచ్చు. అదే జరిగి ఉంటుందనిపిస్తోంది.

మేనేజరు గారికి రాసింది విడిగా పెట్టాను. "లిస్టు సరిగ్గా పనిచేస్తోంది. పేర్లు ఎక్కువైతే రెండో పేజీలో ఉంటాయి, సిబ్బంది దాన్ని చూడకపోయి ఉండవచ్చు." ఇంతే. మా టీమ్ లీడరు చూసి ముద్ర వేశాడు. రాస్తుంటే చెయ్యి ఒకసారి ఆగింది. కానీ చూసిందే రాశాను.

కాలు చూడ్డానికి టిక్కెట్లు అన్న మాట చదివి ఆఫీసులో పైకే నవ్వాను. పక్కవాళ్ళు నావైపు చూశారు.

మాస్టారు ఎలా ఉన్నారో రాయి.

ముత్యం


జూన్ 12, గురువారం

ముత్యానికి,

నీ రెండు వరసలూ మేనేజరు అందర్నీ నిలబెట్టి పైకి చదివాడు. "చూడకపోయి ఉండవచ్చు" దగ్గర కళ్ళజోడు తీసి పిట్ట వైపు చూశాడు. ఆ పిల్ల సూదుల డబ్బా మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

నన్నొక్క మాట అడగకూడదుటే? శని ఆదివారాల్లో మాకు పది పన్నెండు ఇళ్ళు దాటవు. రెండో పేజీ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇరవై దాటేది సోమవారాలు, ఆ రోజు నేనుంటాను, నాకు రెండో పేజీ సంగతి నిద్రలో లేపినా తెలుసు. నువ్వు రాసిన రెండు వరసలతో ఆ పిల్ల మెడకి ఉచ్చు ఇంకో చుట్టు బిగిసింది. కాగితం ఫైల్లో పెట్టేశారు, పైన మీ సంస్థ ముద్ర కూడా ఉంది. తిరిగి

ఎవరో కింద పడ్డారని పిలుస్తున్నారు. వస్తాను.

మళ్ళీ కూర్చున్నాను. పిట్ట ఇప్పుడే ఇటు నుంచి వెళ్ళింది. మనుషులు లేక విచారణ అయ్యేదాకా డ్యూటీ మాన్పించలేదు దాన్ని. నిన్న మళ్ళీ అదే. లిస్టులో ఇద్దరు లేరట. ఈసారి భయం కొద్దీ లిస్టుని నమ్మకుండా, ఆసుపత్రులకి తనే ఫోన్లు చేసి ఎవరెవరు ఇంటికెళ్ళారో కనుక్కుని బయల్దేరింది కాబట్టి సరిపోయింది. మేనేజరుతో చెబితే "లిస్టు బాగుందని వాళ్ళు రాసిచ్చాక కూడా కథలల్లుతున్నావా?" అన్నాడట. "పైన తేదీ సరిగ్గానే ఉంది అక్కా, కింద పేర్లెందుకు లేవు?" అని నన్నడిగింది. నేనేం చెప్పను? నువ్వు చెప్పు.

మాస్టారికి ఇంకా ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం ఉంది. మాట్లాడుతున్నారు. మాట్లాడిన మొదటి మాట "ఆ నర్సు ఎందుకు రాలేదు?" అనేట.

పిన్ని


జూన్ 16, సోమవారం

పిన్నికి,

నీ గురువారం ఉత్తరం ఇవాళ చేరింది. డ్రైవరు గారు ఎప్పటిలాగే సీటు కింద మర్చిపోయి ఉంటారు.

రెండో పేజీ గురించి నేను తొందరపడ్డాను. అడగాల్సింది. క్షమించమని పిట్టకి చెప్పు.

మళ్ళీ మొదటి నుంచి వెతికాను. మెషిన్ గడియారం చూశాను, నిమిషం కూడా తేడా లేదు. పేర్లు నింపే చోటు చూశాను. వరస క్రమం చూశాను. కొన్ని పేర్లని ఏదైనా వడపోత ఆపేస్తోందేమోనని అన్నీ ఒకటొకటిగా తీసి నడిపాను. నా దగ్గర ఎన్నిసార్లు నడిపినా సరిగ్గానే వస్తోంది. "దొరకలేదంటే లేనట్టే, ఇక వదిలెయ్" అంటున్నాడు మా లీడరు.

ఒకటి మాత్రం నాకు కొరుకుడు పడట్లేదు. గురువారం రాస్తూ "నిన్న మళ్ళీ అదే" అన్నావు. అంటే బుధవారం. బుధవారం నేను రెండుసార్లు చూశాను. అన్ని పేర్లూ ఉన్నాయి. ఆ రోజు డ్యూటీ కూడా నీదే. నీకూ నాకూ కనిపించిన పేర్లు తనకెందుకు కనిపించలేదు? నేను తనని తప్పు పట్టడం లేదు. భయంలో మనిషి ఏదైనా అనవచ్చు. తను చెప్తున్నది నిజమేనని నీకెలా తెలుసు, పిన్నీ?

కోప్పడకు. నాకు తెలియాలి కాబట్టి అడుగుతున్నాను.

ముత్యం


జూన్ 17, మంగళవారం

అమ్మాయికి,

బుధవారం ఎక్కణ్ణుంచి ఊడిపడింది? నేను రాసింది ఆదివారం సంగతి! ఉత్తరం గురువారం మొదలుపెట్టాను, మధ్యలో పిలిచారు, సోమవారం పొద్దున ముగించి వ్యానెక్కించాను. తేదీ వేయమన్నావు, వేశాను. మొదలుపెట్టిన రోజు వేసిన తేదీ మొదలుపెట్టిన రోజుదే ఉంటుంది గానీ నేను కూర్చున్నప్పుడల్లా అదే మారుతుందా? నేను "నిన్న" అంటే నా నిన్న చూడాలి. కాగితం నెత్తిన ఉన్న రోజుని పట్టుకుని లెక్కలు కట్టి, ఆ పిల్లని అబద్ధాలకోరుని చేస్తావా?

నీ ఉత్తరం వచ్చినప్పుడు అది నా పక్కనే ఉంది. "మీ అమ్మాయి ఏం రాసింది అక్కా, దొరికిందా?" అని ఆశగా చెయ్యి చాపింది. ఏదో మంచి మాటే ఉంటుందని ఇచ్చాను, నా బుద్ధి తక్కువ. చదివింది. మడిచింది. "భయంలో మనిషి ఏదైనా అనవచ్చు అన్నారు. మిగతావాళ్ళు ఇంకా ఘోరంగా అన్నారులే అక్కా" అని నా చేతిలో పెట్టి స్కూటరెక్కి పోయింది.

దానికి క్షమాపణలు నా చేత చెప్పించకు. నేను చెప్పను.

అసలు ఎందుకు శని ఆదివారాలే తప్పుతోందో అది చూడు. నేనున్న రోజుల గురించి అడక్కు, నేనున్నప్పుడు బాగానే ఉంటుంది.

విచారణకి ఆసుపత్రి నుంచి డాక్టరమ్మ కూడా వస్తుందట. కుర్చీలు ఇప్పుడే తుడిపిస్తున్నాడు మేనేజరు.

పిన్ని


జూన్ 18, బుధవారం

పిన్నీ,

దొరికింది. నీ ఉత్తరంలోనే దొరికింది.

"మొదలుపెట్టిన రోజు వేసిన తేదీ మొదలుపెట్టిన రోజుదే ఉంటుంది" అన్నావు. ఆ వాక్యం చదివి లేచి నిలబడ్డాను. తర్వాత కూర్చుని, నేను రాసిన క్లాస్ తెరిచాను.

అందులో ఒక వరస ఉంది. తెలుగులో చెబితే ఇంతే: ఈ లిస్టులో ఉండవలసింది ఈరోజు వెళ్ళాల్సినవాళ్ళు. వరసలో తప్పు లేదు. అది ఉన్న చోటు తప్పు. దాన్ని క్లాస్ మొదట్లో, విడిగా, ఒక్క ముక్కగా రాశాను. అక్కడ రాసినదాన్ని మెషిన్ లేచినప్పుడు ఒక్కసారే చదువుతుంది. ఆ క్షణాన ఈరోజు ఏదో దాన్నే పెట్టుకుంటుంది. మళ్ళీ ఆపి వేసేదాకా దానికి అదే ఈరోజు. అడిగినప్పుడల్లా కొత్తగా చూసుకోవాలంటే ఆ వరసని పిలిచినప్పుడల్లా మళ్ళీ నడిచే ముక్క లోపల పెట్టాలి, దాన్ని ఫంక్షన్ అంటారు. ఇంకో రెండు వరసలు రాయాల్సి ఉండేది. నేను తక్కువ రాశాను.

పైన కనిపించే తేదీ వేరే చోటు నుంచి వస్తుంది. అది ఎప్పటికప్పుడు మారుతుంది. అందుకే పిట్ట చేతిలో ఉన్న కాగితానికి తల శనివారానిది, ఒళ్ళు శుక్రవారానిది. రోజూ ఉండే పేర్లు ఎలాగూ ఉంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. శనివారం కొత్తగా చేరినవాళ్ళే ఉండరు. మాస్టారు శనివారం కొత్త.

నా దగ్గర ఎందుకు కనిపించలేదంటే, నేను ఏ చిన్న మార్పు చేసినా నా కంప్యూటర్లో అది తనంతట తనే ఆగి మళ్ళీ లేస్తుంది. నేను రోజంతా మారుస్తూనే ఉంటాను. దాని ఈరోజు ఎప్పుడూ తాజాగా ఉంటుంది.

ఆ ముసలావిడ చెప్పింది. నిన్ననేగా మార్చారు అని. పిట్ట వెళ్ళింది శుక్రవారం లిస్టు పట్టుకుని. అది నీ మొదటి ఉత్తరంలోనే ఉంది. నేను నవ్వాను.

ఇప్పుడు ఒకటి అడగాలి. రాత్రిపూట రికార్డుల నకలు తీసుకోవాలి, మెషిన్ ఆపొద్దు అని వేసవి మొదట్లో నీకు నేనే చెప్పాను. అంతకుముందు రోజూ సాయంత్రం అన్నిటితోపాటు ఆపేదానివి, పొద్దున వేసేదానివి. అందుకే అప్పుడు లిస్టు సరిగ్గా ఉండేది. నేను చెప్పిన రోజు నుంచి అది ఆగకపోతే, లిస్టు ఆ రోజు దగ్గరే ఉండిపోవాలి. సోమవారాలూ బుధవారాలూ కూడా తప్పు రావాలి. రాలేదు.

మెషిన్ తను ఎప్పుడు లేచిందో రాసుకుంటుంది. చూశాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా ప్రతి పొద్దునా, సెంటర్ తలుపులు తెరిచిన కాసేపటికి లేచింది. శని ఆదివారాల్లో ఒక్కసారీ లేవలేదు. పిట్ట నేను చెప్పినట్టే చేసింది.

పిన్నీ, అది నువ్వేనా?

లీడరుకి చూపించాను. "సరిచేసి ఊరుకో. ఎవరూ అడగంది చెప్పకు. ముద్ర వేసి ఇచ్చాం" అన్నాడు. ఇంకో కాగితం ఇవ్వడట. నేను ఇవాళే సరిచేస్తే, శుక్రవారం వాళ్ళు తెరిచి చూసే లిస్టు బాగుంటుంది. పిట్ట చెప్పింది అబద్ధమవుతుంది. అందుకని సరిచేయలేదు. వాళ్ళు కళ్ళతో చూడాలి.

రేపు ఎప్పటిలాగే చెయ్యి. శుక్రవారం పొద్దున మాత్రం మెషిన్‌ని ముట్టుకోకు. ఎవర్నీ ముట్టుకోనివ్వకు. ఆ రోజు వెళ్ళాల్సిన ఇళ్ళ అసలు లిస్టు రేపు సాయంత్రం వ్యానులో పంపిస్తాను, ఎవరికీ సూది తప్పకూడదు. పొద్దున వ్యానులో నేను కూడా వస్తాను.

ముత్యం


జూన్ 19, గురువారం

ముత్యానికి,

అవును. నేనే.

ఆపొద్దన్నావు, ఆపలేదు. మర్నాడు పొద్దున ప్రింటు తీస్తే నిన్నటి పేర్లొచ్చాయి. రాత్రంతా మేలుకుని అలిసిందనుకున్నాను. ఆపి వేశాను, సరిగ్గా వచ్చింది. మర్నాడూ అంతే. సాయంత్రం ఆపనని కదా మాటిచ్చాను, పొద్దున సంగతి ఎవరడిగారు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పోయిన ఆదివారం ఇద్దరు తప్పాక నాకు లోపల ఎక్కడో కలుక్కుమంది. అయినా చెప్పలేదు. ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది.

నువ్వు ఏమడుగుతున్నావో నీకు తెలుసా? రేపు నేను ముట్టుకోకపోతే నా డ్యూటీలో తప్పు లిస్టు వస్తుంది. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదో నేను నలుగురిలో చెప్పాలి. పెద్ద సిస్టరుంటే ఒక్క పేరూ తప్పదన్న ఆ ఒక్క మాటే నాకున్న ఆస్తి. అది కూడా నా గొప్ప కాదు, స్విచ్చు గొప్ప అని తేలిపోతుంది. ముట్టుకుంటానా, అంతా బాగుంటుంది. ఒక్క పిట్టకి తప్ప.

చేస్తానని రాయను. చేయనని కూడా రాయను. నువ్వైతే రా.

వచ్చి? అంతమంది ముందు నీకు గొంతు పెగులుతుందా?

పిన్ని


జూన్ 19, సాయంత్రం

పిన్నికి,

రేపటి అసలు లిస్టు ఇందులో ఉంది. రెండుసార్లు సరిచూశాను.

లీడరు సరిచేశావా అని మధ్యాహ్నం అడిగాడు. ఇందాక మళ్ళీ అడిగాడు. "ఇంకా చూస్తున్నాను" అన్నాను. నిలబడి ఎవరికైనా అబద్ధం చెప్పడం ఇదే మొదటిసారి. ఎక్కువ మాటలు పట్టలేదు.

గొంతు సంగతి తెలియదు. చెప్పాల్సినదాన్ని కత్తిరించి కత్తిరించి రెండు మాటలకి తెచ్చాను. వాటినే అంటూ ఉన్నాను.

నువ్వు ఏం చేసినా నేను గదిలోకి వస్తాను.

ముత్యం


జూన్ 20, శుక్రవారం

ముత్యానికి,

శాంపిళ్ళు ఆగవని డ్రైవరు హారన్ కొడుతుంటే వెళ్ళిపోయావు. తలుపు వేశాక గదిలో ఏం జరిగిందో నీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను.

ముందు పొద్దుటి సంగతి. తాళం తీసి నీ మెషిన్ ముందు నిలబడ్డాను. చెయ్యి దానంతటదే స్విచ్చు మీదకి పోయింది. వెనక్కి లాగి కోటు జేబులో పెట్టుకున్నాను. నువ్వు వ్యాను దిగి నా చెయ్యి పట్టుకోబోతే తీయలేదు చూడు, అందుకు. కోపం అనుకున్నావేమో. తీస్తే అది ఎటు పోతుందో నాకే నమ్మకం లేదు.

ఇవాళ్టి లిస్టు ప్రింటు మేనేజరు ముందు పెట్టి "పేర్లు చదవండి" అన్నావు. ఎంత మెల్లగా అన్నావంటే డాక్టరమ్మ "ఏంటమ్మా?" అంది. నీ చెవులు ఎర్రబడ్డాయి. ఇక నోరు మూతపడుతుందనుకున్నాను. మళ్ళీ అన్నావు, ఈసారి కిటికీ దగ్గర నిలబడ్డ పిట్టకి కూడా వినిపించింది. మేనేజరు తేదీ చదివాడు, సరే. పేర్లు చదువుతూ నాలుగో పేరు దగ్గర ఆగిపోయాడు. ఆ మనిషి నిన్న సాయంత్రమే ఆసుపత్రిలో చేరాడు, ఇవాళ్టి నుంచి ఆ ఇంటికి వెళ్ళక్కర్లేదని సంతకం పెట్టింది మేనేజరే. ఆ మొహం నువ్వు చూడలేదు, నువ్వు నేలని చూస్తున్నావు. తర్వాత పాత కాగితం తప్పని రాసి, ముద్ర లేకుండా ఒట్టి సంతకం పెట్టి బయటికి వెళ్ళావు. రేపు మీ లీడరు నిన్నేమంటాడో.

తలుపు పడగానే డాక్టరమ్మ నావైపు తిరిగింది.

"లోపం ఉన్నమాట నిజమే. మరి మీ డ్యూటీలో ఒక్కరోజు కూడా ఇలా రాలేదేం?"

మేనేజరు అందుకున్నాడు. "అదేనండీ నేనూ అంటున్నది. ఆవిడ జాగ్రత్త వేరు. ఈ అమ్మాయి చూసుకోదు."

చూశావా, అక్కడ నేను ఊరుకుంటే చాలు. నా పేరు నిలబడుతుంది. పిట్ట నావైపు చూడను కూడా లేదు.

"జాగ్రత్త కాదు. రోజూ పొద్దున్నే దాన్ని నేను ఆపి వేస్తున్నాను గనక" అన్నాను.

"పాడైందని తెలుసా మీకు?"

"మొరాయిస్తోందని తెలుసు."

"ఒక మనిషి ప్రాణం మీదకొచ్చింది. ఎందుకు చెప్పలేదు?"

ఎన్ని జవాబులు సిద్ధం చేసుకున్నానో.

"అది మా అక్క కూతురు రాసింది" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

అది నీ మొదటి పని. ప్రింటు తీసిన ప్రతి కాగితమూ కనబడ్డవాళ్ళకల్లా చూపించాను, మా పిల్ల చేసిందని. అది మొరాయిస్తోందని నీతో ఎలా అనను? అంటే నువ్వు "ఊఁ" అని ఫోన్ పెట్టేస్తావు, తర్వాత ఇంకేం రాయవు. ఇదీ నేను అనుకున్నది. ఆ పిల్ల ఏమైపోతుందో అనుకోలేదు.

పిట్ట మీద ఏమీ లేదని రాసిచ్చారు. నన్ను పెద్ద సిస్టరు పని నుంచి తీసేశారు. ఏం చేయాలో తేల్చేదాకా ఇంట్లో ఉండమన్నారు. తాళాలు దాని చేతిలో పెట్టాను. లెక్కచూసుకుని తీసుకుంది. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి అడిగింది.

"లైట్లు, ఫ్యాన్లు అన్నీ ఆపాలి కదా?"

అక్కా అనలేదు.

"అన్నీ ఆపు. దాన్ని మాత్రం ఆపొద్దు" అన్నాను.

జూన్ 21, శనివారం

తేదీ మార్చాను, చూశావా? ఇక మీదట ఎక్కడ ఆపితే అక్కడ కొత్త తేదీ వేస్తాను.

పొద్దుట్నుంచీ ఇంట్లో ఏం చేయాలో తోచక తుడిచిన చోటే తుడుస్తున్నాను. నువ్వు నిన్న వెళ్ళగానే సరిచేశావో లేదో నాకెవరు చెబుతారు? సెంటరుకి ఫోన్ చేసే మొహం లేదు. అంతలో అదే చేసింది, పిట్ట. నేను హలో అన్నా దానికి వినపడనట్టుంది.

"మెషిన్ ఎవరూ ముట్టుకోలేదు. లిస్టు సరిగ్గా ఉంది. ఆసుపత్రులకి ఫోన్లు చేసి కూడా చూసుకున్నాను" అంది గబగబా. తర్వాత గొంతు తగ్గించింది. "మొదటి పేరు టైపు మాస్టారిదే. నిన్న సాయంత్రం ఇంటికి పంపించారట. ఆయన గుమ్మంలోనే ఉన్నాను. గొళ్ళెం తీయట్లేదు. ఇప్పుడొచ్చావా అంటున్నారు లోపల్నుంచి. ఏం చెప్పను?"

"మెషిన్ అనకు. లిస్టు అనకు" అన్నాను.

"మరి?"

"సూది తెచ్చానని చెప్పు. చెప్పి అక్కడే నిలబడు."

చెప్పింది. నిలబడింది. ఫోన్ చేతిలో పట్టుకుందో జేబులో పెట్టుకుందో, పెట్టేయడం మాత్రం మర్చిపోయింది. నేనూ పెట్టలేదు. దాని ఊపిరి వినిపిస్తోంది. వీధిలో ఎవరో ఎవర్నో పిలుస్తున్నారు. లోపల కర్ర నేలకి తగిలిన చప్పుడు. ఆగింది. మళ్ళీ తగిలింది, ఇంకొంచెం దగ్గర్లో.

తర్వాత గొళ్ళెం.

నీ పిన్ని